తూటా పని జంతువు కూలడంతో అయిపోదు

పెద్ద జంతువుల వేటకు వాడే తూటా మంచిదా కాదా అని తేల్చడానికి వేటగాళ్లకు ఒక కొలత ఉంది. దెబ్బ తగిలిన జంతువు ఎంత దూరం పరుగెత్తి పడింది? ఎంతసేపు కొట్టుకుంది? గాయంతో తప్పించుకుని ఏ పొదల్లోనో రోజుల తరబడి నరకం చూసి చచ్చిందా? ఈ కొలతలో న్యాయం ఉంది. చంపక తప్పని చోట త్వరగా చంపడం కనీస ధర్మం. కానీ ఈ లెక్క సగంలోనే ఆగిపోతుంది. జంతువు కూలాక కూడా తూటా ఎక్కడికీ పోదు. కొంత మాంసంలో, కొంత అడవిలో వదిలేసిన పేగుల్లో మిగిలే ఉంటుంది. అది సీసపు తూటా అయితే ఆ పేగులు తిన్న పక్షినీ, ఆ మాంసం వండుకున్న ఇంటినీ చేరుతుంది. ఈ రెండో సగాన్ని కూడా లెక్కలో కలిపితే పెద్ద జంతువుల వేటలో సీసానికి చోటు లేదన్నది నా వాదన. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కొన్ని దశాబ్దాలుగా పోగైన ఆధారాలే ఇందుకు సాక్ష్యం. వేటను చట్టమే నిషేధించిన మన దేశంలో ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రాబందుల విషయంలో చేతులు కాల్చుకున్న మనకే ఇది అందరికన్నా బాగా అర్థం కావాలి.

ముందు తూటా ఎలా చంపుతుందో చూద్దాం. దెబ్బ బలానికే జంతువు పడిపోతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు కాల్చినవాడే పడిపోనప్పుడు, అదే ఊపుతో వెళ్లిన తూటా తాకిడికి మూడు వందల కిలోల ఎల్క్ జాతి మగ జింక మాత్రం ఎలా పడుతుంది? చంపేది రక్తస్రావం. గుండెకో ఊపిరితిత్తులకో చిల్లు పడి, రక్తం కారిపోయి, మెదడుకు ప్రాణవాయువు అందక జంతువు కూలుతుంది. సరిగ్గా గుండెకే తగిలిన జింక కూడా యాభై, వంద మీటర్లు పరుగెత్తి పడిపోవడం మామూలే. అందుకే వేట తూటాకు రెండు గుణాలు కావాలి. దట్టమైన కండరాన్నీ, భుజం ఎముకనూ దాటి లోపలి అవయవాల దాకా వెళ్లే లోతు ఉండాలి. అక్కడ పెద్ద గాయం చేసే వెడల్పూ ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. ఎక్కువ విచ్చుకున్న తూటా త్వరగా ఆగిపోతుంది. విచ్చుకోనిది సన్నని చిల్లు చేసి అవతలికి దూసుకుపోతుంది. నూరేళ్లకు పైగా తూటాల తయారీదారులు పడ్డ తంటాలన్నీ ఈ రెండింటి మధ్య సయోధ్య కుదర్చడానికే.

ఈ కథలో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. లోహపు తొడుగు పూర్తిగా కప్పిన సైనిక తూటాలు మనిషి శరీరంలోంచి నేరుగా దూసుకుపోతున్నాయని, తగిలినవాడు ఆగడం లేదని 1890లలో బ్రిటిష్ సైన్యం ఫిర్యాదు చేసింది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తూటా ముక్కు దగ్గర తొడుగు తీసేసి లోపలి సీసం బయటికి కనిపించేలా తయారుచేశారు. ఒంట్లోకి దిగగానే ఆ మెత్తని ముక్కు విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. 1899లో హేగ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు అలాంటి తూటాలను యుద్ధంలో వాడరాదని ప్రకటించింది. యుద్ధంలో క్రూరమని తోసిపుచ్చిన గుణాన్నే వేట చట్టాలు తప్పనిసరి చేశాయి. ఇంగ్లండ్‌లో జింకలపై విచ్చుకునే తూటానే వాడాలి. అమెరికాలోనూ చాలా రాష్ట్రాలు పూర్తి తొడుగు తూటాతో పెద్ద జంతువులను కాల్చనివ్వవు. సన్నని చిల్లుతో తప్పించుకున్న జంతువు రోజుల తరబడి బాధపడుతుంది కాబట్టి ఇందులో వైరుధ్యం లేదు.

అయితే సీసం విచ్చుకుని ఊరుకోదు, చిట్లుతుంది. సెకనుకు 800, 900 మీటర్ల వేగంతో బయలుదేరిన మెత్తని లోహం ఎముకకు తగిలితే ముక్కలు కావడంలో వింతేముంది? తయారీదారులకు ఇది మొదటినుంచీ తెలుసు. కాకపోతే వాళ్లు దాన్ని లోతు సమస్యగానే చూశారు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు మూస్ అనే భారీ జింకను కాల్చాడు. ఎండిన బురద పట్టిన దాని తోలును దాటి తూటాలు లోపలికి దిగలేదు. ఆ అనుభవంతో అతను మధ్యలో అడ్డుగోడ ఉన్న తూటా తయారుచేశాడు. ముందు సగంలో సీసం చిట్లిపోయినా అడ్డుగోడ వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి వెళుతుంది. 1948లో అమ్మకానికి వచ్చిన ఆ తూటాకు ఇప్పటికీ గిరాకీ ఉంది. తెలివైన పరిష్కారమే. కానీ ఆ చిట్లిపోయిన ముందు సగం ఎటు పోయిందని అడిగినవాళ్లు అప్పట్లో లేరు. తూటాను జంతువులోంచి తీసి, తూకం వేసి, ఎంత బరువు మిగిలిందో చూసి మెచ్చుకున్నారు. తగ్గిన బరువు ఎక్కడుందో వెతకలేదు.

వెతికినప్పుడు ఏం కనిపించిందో 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. అమెరికాలో వేటపక్షుల సంరక్షణకు పనిచేసే పెరెగ్రిన్ ఫండ్ పరిశోధకులు రైఫిళ్లతో చంపిన జింకల కళేబరాలకూ, వేటగాళ్లు వదిలేసిన పేగుల కుప్పలకూ ఎక్స్‌రే తీశారు. సీసపు తూటా తగిలిన వాటిలో దాదాపు అన్నింటిలోనూ లోహపు ముక్కలు కనిపించాయి. తూటా వెళ్లిన దారికి 15 సెంటీమీటర్ల దూరం దాకా అవి చిమ్ముకుని ఉన్నాయి. పేగుల కుప్పలు ఇరవై పరీక్షిస్తే పద్దెనిమిదింటిలో సీసం ఉంది, కొన్నింటిలో రెండు వందలకు పైగా ముక్కలున్నాయి. పూర్తిగా రాగితో చేసిన తూటాలతో చంపిన నాలుగు జింకల్లో కలిపి కనిపించిన ముక్కలు ఆరే. మూడేళ్ల తర్వాత అదే బృందం సీసపు తూటాలతో కాల్చిన ముప్పై జింకలను పరీక్షించింది. ఒక్కో జింకలో తక్కువలో తక్కువ 15, ఎక్కువలో ఎక్కువ 409 ముక్కలు తేలాయి. ఆ జింకలను మాంసం దుకాణాలకిచ్చి మామూలుగా కోయించి ప్యాకెట్లు కట్టిస్తే, ఖీమా ప్యాకెట్లలో దాదాపు మూడో వంతులో లోహపు ముక్కలు దొరికాయి. ఎక్కువ ముక్కలు కంటికి ఆనవు, పంటికి తగలవు. గాయం చుట్టూ ఉన్న మాంసం కోసి పారేశామని చెప్పే వేటగాడు అబద్ధమాడటం లేదు. అతని కత్తికి అందనంత దూరంలో సీసం ఉంది, అంతే.

ఇక ఆ పేగుల కుప్ప సంగతి. అమెరికాలో వేటగాడు జింకనో ఎల్క్‌నో చంపాక అక్కడికక్కడే పొట్ట చీల్చి పేగులు, కడుపు, ఊపిరితిత్తులు వదిలేసి మాంసం మోసుకుపోతాడు. మాంసం త్వరగా చల్లబడాలంటే అలా చేయక తప్పదు. మిగిలింది అడవికి తిండి. కాకి, గద్ద, నక్క, రాబందు జాతి పక్షులు అన్నీ దిగుతాయి. వాటిలో అన్నింటికన్నా పెద్దది కాలిఫోర్నియా కాండర్. రెక్కలు చాపితే దాదాపు మూడు మీటర్లు. అరవై ఏళ్లు బతకగల పక్షి. ఆరేడేళ్ల వయసు దాకా గుడ్డు పెట్టదు, పెట్టడం మొదలయ్యాక కూడా సాధారణంగా రెండేళ్లకొకటే. 1982 నాటికి ప్రపంచంలో మిగిలినవి 22. 1987లో ఆఖరి అడవి కాండర్‌ను కూడా పట్టి జంతుప్రదర్శనశాలకు తెచ్చారు. అక్కడ పిల్లల్ని పెంచి, 1992 నుంచి కాలిఫోర్నియాలో, 1996 నుంచి ఆరిజోనాలో తిరిగి వదిలారు. ఇవాళ మొత్తం సంఖ్య ఐదు వందలు దాటింది. ఇంత శ్రమతో బతికించిన ఈ పక్షుల మరణాల్లో కారణం తెలిసిన వాటిలో దాదాపు సగం సీసం వల్లే.

ఆ చావు ఎలా ఉంటుందో చెప్పాలి. కాండర్ కడుపులోని ఆమ్లం చాలా గాఢమైనది. కుళ్లిన మాంసంలోని సూక్ష్మజీవులను చంపి పక్షిని కాపాడే ఆ ఆమ్లమే సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపుతుంది. సీసం నరాలను దెబ్బతీస్తుంది. జీర్ణకోశం కదలిక ఆగిపోతుంది. తిన్నది గొంతు కింది సంచిలోనే నిలిచిపోయి ముందుకు జరగదు. సంచి నిండుగా ఉండగానే పక్షి ఆకలితో శుష్కిస్తుంది. రెక్కలు వాలిపోతాయి, తల నిలవదు, నిలబడలేక కూలబడుతుంది. దీన్ని ఆపడానికి ఏటా కాండర్లను పట్టి రక్తం పరీక్షిస్తారు. సీసం ఎక్కువున్న వాటికి ఎక్స్‌రే తీసి, సీసాన్ని పట్టి బయటికి పంపే మందును రోజుల తరబడి సూదులతో ఎక్కిస్తారు. లాస్ ఏంజెలెస్, ఓక్‌లాండ్ జంతుప్రదర్శనశాలల్లో ఇందుకు ప్రత్యేకమైన ఏర్పాట్లున్నాయి. పక్షిని అడవిలో వదిలి, ఆ అడవిలోనే విషం పెట్టి, మళ్లీ పట్టి వైద్యం చేసే ఈ చక్రాన్ని సంరక్షణ అనడానికి నాకు మనసొప్పదు. సీసం ఒక్క కాండర్‌తోనే ఆగడం లేదు. 38 రాష్ట్రాల్లో 1,210 బాల్డ్, గోల్డెన్ ఈగిల్స్‌ను పరీక్షించిన అధ్యయనం 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. వాటిలో దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాలం పేరుకున్న సీసం ఆనవాళ్లున్నాయి. వేట కాలం నడిచే చలికాలంలో తాజా విషప్రభావం ఎక్కువగా కనిపించింది.

ఆ సీసం తూటాలదేనని ఎలా చెప్పగలరు, పాత ఇళ్ల రంగుల్లో లేదా అన్న ప్రశ్న ఉంది. ఉంది, కొన్ని పక్షులకు రంగుల నుంచి కూడా సోకింది. అయితే సీసానికి రకరకాల ఐసోటోపులుంటాయి, వాటి పాళ్లు ఏ గనిలోంచి, ఏ సరుకులోంచి వచ్చిందో బయటపెడతాయి. కాలిఫోర్నియా కాండర్ల రక్తాన్ని అలా పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఎక్కువ పక్షుల్లో కనిపించిన పాళ్లు తూటాల సీసంతో సరిపోయాయి. పక్షుల కడుపుల్లోంచి తీసిన ముక్కలు తూటా ముక్కలే. ఈ విషయంలో సందేహానికి ఇక పెద్దగా తావు లేదు.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. కాలిఫోర్నియా 2008 నుంచి కాండర్లు తిరిగే ప్రాంతంలో, 2019 జులై 1 నుంచి రాష్ట్రమంతటా వేటలో సీసాన్ని నిషేధించింది. అయినా కాండర్లు ఇప్పటికీ సీసంతో చస్తున్నాయి. అలాంటప్పుడు నిషేధం పనికిరానిదని తేలినట్టే కదా అంటారు వ్యతిరేకులు. ఇది తోసిపారేయాల్సిన మాట కాదు. దీనికి జవాబు కాండర్ తిండి లెక్కలో ఉంది. కాండర్ ఏడాదికి వంద కళేబరాల మీద వాలుతుందనుకుందాం. రెండు వందల కళేబరాల్లో ఒక్కదాంట్లోనే సీసం ఉన్నా, సగటున రెండేళ్లకోసారి ఆ పక్షి విషం తింటుంది. అరవై ఏళ్ల ఆయుష్షులో ఎన్నిసార్లో లెక్క వేసుకోవచ్చు. పైగా కాండర్లు గుంపుగా తింటాయి, ఒక్క కళేబరం పది పక్షులకు విషం పంచుతుంది. నూటికి తొంభైతొమ్మిది మంది చట్టం పాటించినా మిగిలిన ఒక్కరు చాలు. దొంగవేట ఉంది, ఇళ్లలో పాత తూటాల నిల్వలున్నాయి, పొలాల్లో ఎలుకజాతి జంతువులను కాల్చే చిన్న తుపాకీలకు సీసం లేని తూటాలు సరిగా దొరకవు. మరి నిషేధం అసలేమీ చేయలేదా? 2008 తర్వాత గోల్డెన్ ఈగిల్స్‌లోనూ, టర్కీ వల్చర్లలోనూ సీసం తగ్గిందని 2011లో అచ్చయిన అధ్యయనం చూపింది. అంటే దిశ సరైనదే, సగం దారిలో ఆగామన్నమాట. సగం తగ్గిస్తే సరిపోయే విషం కాదిది.

మనుషుల సంగతి చెప్పేటప్పుడు అతిశయోక్తికి పోకూడదు. అమెరికాలో వేటగాళ్లు జింక మాంసాన్ని పేదల ఆహార కేంద్రాలకు దానం చేస్తుంటారు, మంచి పని. 2008లో నార్త్ డకోటాలో ఒక వైద్యుడు అలాంటి ఖీమా ప్యాకెట్లకు స్కాన్ తీయించగా చాలావాటిలో లోహపు ముక్కలు తేలాయి. ఆ మాంసాన్ని పారేయమని రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆహార కేంద్రాలకు సూచించింది. తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ రాష్ట్రంలో 738 మంది రక్తం పరీక్షించింది. వేటమాంసం తినేవారి రక్తంలో తిననివారికన్నా డెసిలీటరుకు 0.3 మైక్రోగ్రాముల సీసం ఎక్కువుంది. ఎవరిలోనూ అది 10 మైక్రోగ్రాములు దాటలేదు. తేడా చిన్నదే, మా తాతలు తిని బతికారుగా అనే వేటగాళ్లు ఈ అంకెనే చూపిస్తారు. కానీ సీసానికి సురక్షిత మోతాదు అంటూ లేదని వైద్యశాస్త్రం తేల్చింది, ముఖ్యంగా ఎదిగే పిల్లల మెదడు విషయంలో. పెట్రోలులోంచి, రంగుల్లోంచి ఎంతో ఖర్చుపెట్టి తీసేసిన లోహాన్ని అన్నంలో కలుపుకుని ఎందుకు తినాలి? నార్త్ డకోటా ఆరోగ్య శాఖే గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు సీసపు తూటాతో చంపిన జింక మాంసం తినొద్దని చెప్పింది. వేరే తూటా దొరకని రోజుల్లో ఇది తప్పనిసరి నష్టం అనుకోవచ్చు. ఇప్పుడా మాట చెల్లదు.

ఎందుకంటే రాగి తూటా ఉంది. 1989లో బార్న్స్ కంపెనీ పూర్తి రాగితో చేసిన వేట తూటాను మార్కెట్లోకి తెచ్చింది. దాని ముక్కులో చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోని తేమ ఆ గుంటలోకి ఒత్తిడితో చొరబడగానే ముక్కు నాలుగు రెక్కలుగా విచ్చి వెనక్కి ముడుచుకుంటుంది. తూటా అడుగుభాగం అలాగే ఉంటుంది, బరువు దాదాపు మొత్తం నిలుస్తుంది. నోస్లర్ వెతికిన లోతు, వెడల్పు రెండూ ఒకే లోహంలో దొరికాయి. మొదట్లో వచ్చిన కొన్ని రాగి తూటాలు సరిగా విచ్చుకోక సన్నని చిల్లు చేసి వెళ్లిపోయాయన్నది నిజం. ఆ పాత చెడ్డపేరు ఇంకా వదల్లేదు. రాగి సీసమంత బరువైన లోహం కాదు. అందుకే అదే బరువున్న రాగి తూటా పొడుగ్గా ఉంటుంది, కొన్ని పాత రైఫిళ్లు దాన్ని గురిగా పంపలేవు. వేగం బాగా తగ్గాక రాగి సీసమంత సులువుగా విచ్చుకోదు. వీటిని దాచాల్సిన పని లేదు. కానీ జర్మనీలో రెండు రకాల తూటాల గాయాలను కొలిచి చూసిన పరిశోధకులకు సీసం లేనివి తక్కువేమీ కాదని తేలింది. డెన్మార్క్‌లో వేటగాళ్లు కాల్చిన ఆరు వందలకు పైగా జంతువుల వివరాలు సేకరించి చూస్తే, దెబ్బ తిన్నాక అవి పరుగెత్తిన దూరంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ నమ్మకంతోనే డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ తూటాల్లోనూ సీసాన్ని నిషేధించింది. దూరం నుంచి కాలిస్తే రాగి సరిగా పనిచేయదన్న ఫిర్యాదుకు నా జవాబు ఒకటే. అంత దూరం నుంచి ప్రాణం ఉన్న జంతువును కాల్చకూడదు. తూటా వేగం చచ్చిన దూరంలో గురి కూడా తప్పుతుంది, గాయపడి పారిపోయే జంతువులు అక్కడే ఎక్కువ. ఆ హద్దు పెట్టడం రాగి చేసే మేలు.

ధర గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. ఒక జింకకు అయ్యేది ఒకటి రెండు తూటాలు. లైసెన్సు, ప్రయాణం, తుపాకీ, దూరదర్శిని ఖర్చుల పక్కన ఆ తేడా ఎంత? అసలైన వ్యతిరేకత డబ్బు గురించి కాదు, భయం గురించి. ఇవాళ సీసం అంటారు, రేపు తుపాకీ అంటారు, చివరికి వేటే ఆపేస్తారని అమెరికా తుపాకీ సంఘాలు చెబుతూ వచ్చాయి. ఈ భయాల నడుమే 2017 జనవరి 19న, ఒబామా ప్రభుత్వ చివరి రోజుల్లో, సమాఖ్య వన్యప్రాణి భూముల్లో సీసాన్ని దశలవారీగా ఆపాలని వచ్చిన ఉత్తర్వును ఆరు వారాల్లోనే కొత్త ప్రభుత్వపు మంత్రి రద్దు చేశారు. చరిత్ర మాత్రం ఈ భయాన్ని సమర్థించదు. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను అమెరికా 1991 నాటికి దేశమంతటా నిషేధించింది. బాతుల వేట ఆగిపోలేదు, ఉక్కు గుళ్లతో హాయిగా సాగుతోంది. పైగా అమెరికాలో వన్యప్రాణి సంరక్షణకు వేటగాళ్లు చెల్లించే పన్నే పెద్ద ఆధారం. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళుతుంది. తమ డబ్బుతో కాపాడుకుంటున్న పక్షిని తమ తూటాయే చంపుతోందని తెలిస్తే మెజారిటీ వేటగాళ్లు మారతారు. ఆరిజోనాలో అదే జరిగింది. అక్కడ నిషేధం లేదు. 2005 నుంచి కాండర్ ప్రాంతంలో వేటకు వెళ్లేవారికి సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తున్నారు, సీసం వాడినవారిని పేగుల కుప్పలు వెనక్కి తెమ్మని అడుగుతున్నారు. ఎక్కువ శాతం వేటగాళ్లు మాట విన్నారు. అయినా కాండర్లకు అక్కడా సీసం తగులుతూనే ఉంది, కారణం ముందు చెప్పిన లెక్కే. నచ్చజెప్పడం ముందు రావాలి, చట్టం వెనక రావాలి. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

ఇప్పుడు మన సంగతి. 1990ల నుంచి మన ఊళ్లలో రాబందులు కనిపించకుండా పోయాయి. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా నశించాయి. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ దీనికి కారణమని 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. మందు వేసిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యేవి. ఇంత వినాశనానికి ఎన్ని కళేబరాల్లో మందు ఉంటే చాలో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. నూటికి ఒక్కటి కూడా అక్కర్లేదని తేలింది. కాండర్ లెక్క కూడా అచ్చం ఇదే. కళేబరం తిని బతికే, దీర్ఘాయుష్షున్న, నెమ్మదిగా పిల్లల్ని పెట్టే పక్షికి అరుదైన విషం కూడా సామూహిక మరణమే. మనం 2006లో పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను నిషేధించాం, బదులుగా మెలాక్సికామ్ చూపించాం. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు దొడ్డిదారిన పశువులకు వెళుతుంటే 2015లో సీసా పరిమాణం తగ్గించాం. అదే పద్ధతిలో చంపే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో ఆపాం. ఒక్కో కన్నం మూయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించామో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద కొద్దిపాటి రాబందుల గూళ్లను కాపాడటానికి అటవీ సిబ్బంది పడిన పాట్లు చెబుతాయి.

వేటే తప్పయినప్పుడు ఏ లోహంతో చంపితే ఏమిటని మనలో చాలామంది అంటారు. ఆ భావన వెనక ఉన్న కరుణను గౌరవిస్తాను. కానీ మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తూనే, మనుషుల ప్రాణానికో నిలిచిన పంటకో ప్రమాదమైన జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద అనుమతివ్వవచ్చని కూడా చెప్పింది. బిహార్‌లో నీల్‌గాయిలను, మన దగ్గర అడవి పందులను చట్టం అనుమతితోనే కాల్పించారు. పంట పోయిన రైతు బాధ నిజమైనది కాబట్టి ఇలాంటి అనుమతులు ఇకముందు కూడా వస్తాయి. వాటికి తోడు నాటు తుపాకులతో సాగే దొంగవేట ఎలాగూ ఉంది. ఎవరు కాల్చారన్నది చట్టానికి ముఖ్యం కావచ్చు, కళేబరం మీద వాలిన రాబందుకు కాదు. డైక్లోఫెనాక్‌తో పోయినవి పోగా మిగిలిన గుప్పెడు పక్షులకు ఇంకో విషాన్ని పరిచయం చేసే హక్కు మనకు లేదు.

అందుకే అటవీ శాఖలకు నా విన్నపం ఒకటుంది. కాల్చివేతకు ఇచ్చే ప్రతి అనుమతి పత్రంలోనూ రెండు షరతులు రాయండి. సీసం లేని తూటా వాడాలి. అది దొరకని చోట పేగులతో సహా కళేబరాన్ని ఏ పక్షీ, కుక్కా తవ్వలేనంత లోతున పూడ్చాలి. కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగువారికీ ఒక మాట. శాన్ హొజే నుంచి రెండు గంటల లోపు ప్రయాణంలో ఉన్న పినాకిల్స్ నేషనల్ పార్కులో 2003 నుంచి కాండర్లను వదులుతున్నారు. పిల్లలను తీసుకెళ్లి చూపించండి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా, తెలిసినవాళ్లు వేటాడి తెచ్చిన జింక మాంసం ప్రేమతో ఇస్తే, ఏ తూటాతో కాల్చారని మొహమాటపడకుండా అడగండి. సీసం అని చెబితే, ఇంట్లో గర్భిణి గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే, ఆ ఖీమా వండకండి.